గెలిచినా నచ్చని స్వింగ్

2025 మార్చిలో ఫ్లోరిడాలోని ఇన్నిస్‌బ్రూక్‌లో వాల్‌స్పార్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ గెలిచాక నార్వే ఆటగాడు విక్టర్ హోవ్లాండ్ మాట్లాడిన తీరు ఓడిపోయినవాడి తీరులా ఉంది. జస్టిన్ థామస్ మీద ఒకే ఒక్క స్ట్రోక్ (బంతికి ఒక దెబ్బ) తేడాతో గెలుపు. ఏడాదిన్నర దాటాక, అమెరికా ప్రొఫెషనల్ టోర్నీల వరస అయిన పీజీఏ టూర్‌లో చేతికొచ్చిన ట్రోఫీ. అయినా తన స్వింగ్, అంటే క్లబ్ అనే కర్రను ఊపి బంతిని కొట్టే తీరు, ఇంకా గాడిన పడలేదనే అన్నాడు. అంతకుముందు వరసగా మూడు టోర్నీల్లో కట్ దాటలేకపోయాడు. అంటే రెండు రోజుల ఆట ముగియగానే సామాను సర్దుకోవాల్సి వచ్చింది.

బయటినుంచి చూసేవాళ్లకు ఇది వింతగానే తోస్తుంది. నాలుగు రోజులు, 72 హోల్స్, అందరికంటే తక్కువ స్ట్రోకులు. ఇంకేం కావాలి? ప్రొఫెషనల్ గోల్ఫర్‌కు ఇంకొకటి కావాలి. బంతి అలా ఎందుకు వెళ్లిందో తెలియాలి. కారణం తెలియని మంచి షాట్ అతన్ని చెడ్డ షాట్ కంటే ఎక్కువగా కలవరపెడుతుంది, ఎందుకంటే రేపు అది మళ్లీ వస్తుందన్న పూచీ లేదు. హోవ్లాండ్ దగ్గరికి రెండు మూడేళ్లుగా కోచ్‌లు వస్తూ పోతూ ఉండటానికి మూలం ఇక్కడుంది. అతనికి నిలకడ లేదని తేల్చేయడం తేలిక. స్వింగ్ చెడటమంటే ఏమిటో, కోచ్ అసలు చేసే పని ఏమిటో చూశాక ఆ తిరుగుడు అంత అర్థం లేనిదిగా కనిపించదు. సరైనదిగానూ కనిపించదు, అది వేరే సంగతి.

ఓస్లోలో 1997లో పుట్టిన హోవ్లాండ్ అమెరికాలో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడుతూ 2018లో పెబుల్ బీచ్‌లో యూఎస్ అమెచ్యూర్ గెలిచాడు. మరుసటి ఏడాది అదే కోర్సులో యూఎస్ ఓపెన్‌లో 280 స్ట్రోకులతో ముగించి, 1960లో జాక్ నిక్లస్ నెలకొల్పిన అమెచ్యూర్ రికార్డును రెండు స్ట్రోకులతో చెరిపేశాడు. 2020లో ప్యూర్టోరికో ఓపెన్‌తో పీజీఏ టూర్‌లో గెలిచిన తొలి నార్వే ఆటగాడయ్యాడు. గెలిచిన రోజే, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కనుంచి కొట్టే చిన్న దెబ్బలు, అంటే చిప్పింగ్, తనకు బొత్తిగా రావని దాపరికం లేకుండా చెప్పేశాడు. అది వినయం కోసం అన్న మాట కాదు. లెక్కలు కూడా అదే చెప్పేవి. టీ (ప్రతి హోల్‌కూ మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి, ఫెయిర్‌వే (అక్కణ్నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) నుంచి అతను ప్రపంచంలో మేటి. గ్రీన్ పక్కకు చేరాక టూర్‌లో అట్టడుగున ఉండే ఆటగాడు.

ఇక 2023. మెమోరియల్ టోర్నీ గెలిచాడు. ఒలింపియా ఫీల్డ్స్‌లో ఆఖరి రోజు 61 కొట్టి బీఎండబ్ల్యూ చాంపియన్‌షిప్ ఎగరేసుకుపోయాడు. మరుసటి వారం ఈస్ట్ లేక్‌లో టూర్ చాంపియన్‌షిప్, దాంతోపాటు 1.8 కోట్ల డాలర్ల ఫెడెక్స్ కప్ బోనస్. నెల తిరిగేసరికి రోమ్‌లో, యూరప్, అమెరికా జట్ల మధ్య జరిగే రైడర్ కప్. అక్కడ లుడ్విగ్ ఓబర్గ్‌తో జోడీ కట్టి స్కాటీ షెఫ్లర్, బ్రూక్స్ కెప్కా జంటను 9 అండ్ 7 తేడాతో చిత్తు చేశాడు. అంటే తొమ్మిది హోల్స్ ఆధిక్యంతో, ఇంకా ఏడు హోల్స్ మిగిలుండగానే మ్యాచ్ అయిపోయింది.

ఈ ఏడాదిని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే తర్వాతి చిక్కంతా ఇక్కడే పుట్టింది. ఆ ఏడాది హోవ్లాండ్‌లో ఏం మారింది? ఇంటర్నెట్‌లో 'ట్రాక్‌మ్యాన్ మ్యాస్ట్రో'గా పేరున్న జో మేయో అతనికి కోచ్‌గా వచ్చాడు. చిన్న దెబ్బలకు వాడే వెడ్జ్ క్లబ్‌ను బంతి మీదికి నిటారు కోణంలో దించడం నేర్పి చిప్పింగ్‌ను నిలబెట్టాడు. ఇంకోవైపు, తానూ టూర్ ఆటగాడే అయిన ఎడోర్డో మోలినారి అంకెలు ముందు పెట్టి ఓ సంగతి చూపించాడు: జెండా ఎక్కడుంటే అక్కడికే గురిపెట్టడం వల్ల, తప్పినప్పుడల్లా బంతి కోలుకోలేని చోట పడుతోంది. దాంతో హోవ్లాండ్ గ్రీన్ మధ్యకు గురిపెట్టడం ఎక్కువ చేశాడు. అంటే 2023 గెలుపుల్లో పెద్ద వాటా చిప్పింగ్‌ది, గురి ఎంపికది. ఫుల్ స్వింగ్ అంతకు ముందు నుంచే బాగుంది. బాగున్న దాన్ని మాత్రం అతను ఆ తర్వాత ముట్టుకున్నాడు.

2023 చివర్లో మేయోతో విడిపోయాడు. బంతిని ఎడమ నుంచి కుడికి ఇంకాస్త వంచాలని, అంటే తన సహజమైన ఫేడ్‌ను మరింత పెంచాలని, తనంత తానే నిర్ణయించుకున్నానని, ఆ ప్రయత్నంలో బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు, ఉండాల్సిన ఒక పొందిక చెడి, కిందికి వచ్చేటప్పుడు క్లబ్ ముఖాన్ని అదుపు చేయడం కష్టమైపోయిందని 2024లో అతనే వివరించాడు. ఎవరో నేర్పి చెడగొట్టిన కథ కాదిది.

పావు సెకను వ్యవహారం

ఇంత చిన్న మార్పు అంత పెద్ద ఆటగాణ్ని ఎందుకు కూలదోస్తుంది? క్లబ్ పైనుంచి బయల్దేరి బంతిని తాకేందుకు పట్టే సమయం దాదాపు పావు సెకను. మగవాళ్ల టూర్‌లో డ్రైవర్ (అతి దూరం కొట్టే క్లబ్) తల గంటకు 180 కిలోమీటర్ల పైన వేగంతో వస్తుంది. బంతి, క్లబ్ అంటిపెట్టుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే. ఈ వ్యవధిలో ఏదో తేడాగా ఉందని గ్రహించి చేతిని సర్దుకోవడం ఎవరి వల్లా కాదు. దెబ్బ మొదలయ్యేసరికే అంతా తేలిపోయి ఉంటుంది.

ఇక తేడా ఎంత ఉంటే ఎంత నష్టం? డ్రైవర్ ముఖం 1 డిగ్రీ తప్పు దిశలో తెరుచుకుని ఉంటే, 300 గజాల షాట్‌లో కేవలం బయల్దేరే దిశ వల్లే బంతి నాలుగైదు గజాలు పక్కకు పోతుంది. దాని మీద స్పిన్ వల్ల వచ్చే వంపు అదనం. మూడు నాలుగు డిగ్రీలయితే చెట్లు, నీళ్లు, హద్దు గుర్తులు. కాబట్టి గోల్ఫర్ బతుకంతా తాకే క్షణంలో క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్న దాని మీద నడుస్తుంది.

ఆ ముఖాన్ని చక్కగా తెచ్చి నిలబెట్టే దారి ఒక్కటే ఉండి ఉంటే కోచ్‌ల అవసరం ఎప్పుడో తీరిపోయేది. దారులు చాలా ఉన్నాయి, ప్రతి దారిలోనూ ఒకదానికొకటి సర్దుబాటు చేసే కదలికలుంటాయి. హోవ్లాండ్‌నే తీసుకుంటే, బ్యాక్‌స్వింగ్ పైభాగంలో అతని ఎడమ మణికట్టు అరచేతి వైపుకు వంగి ఉంటుంది. దీనివల్ల క్లబ్ ముఖం మూసుకుంటుంది. అలాగే వదిలేస్తే బంతి ఎడమకు హుక్ అవుతుంది. అతను మాత్రం ఛాతీని, నడుమును చాలా వేగంగా లక్ష్యం వైపు తిప్పేస్తాడు, దాంతో మూసుకున్న ముఖం తాకే సమయానికి సరిగ్గా సూటిగా వస్తుంది. చూడ్డానికి రెండు తప్పులు. కలిసినప్పుడు ఒకే ఒప్పు. ఇప్పుడు మణికట్టును కాస్త మార్చి ఒంటి తిరుగుడును అలాగే ఉంచితే ఏమవుతుంది? బంతి కుడికి పోతుంది. కుడికి పోతోందని చేతులతో ముఖాన్ని మూయబోతే కొన్ని ఎడమకు పోతాయి. రెండు వైపులా తప్పడం మొదలయ్యాక గురి పెట్టడమనే మాటకే అర్థం పోతుంది. ఒకే వైపు తప్పే గోల్ఫర్ బతికిపోతాడు, ఎటు తప్పుతాడో తెలుసు గనక. ప్రొఫెషనల్స్ నిజంగా భయపడేది రెండు వైపుల తప్పుకే.

మరి పాత పద్ధతికి వెనక్కి వెళ్లిపోవచ్చు కదా? అసలు కష్టం అక్కడే ఉంది. ఆటగాడు తన స్వింగ్‌ను చూసుకోలేడు, అనుభూతి ద్వారానే దాన్ని పట్టుకుంటాడు. ఆ అనుభూతి నమ్మదగింది కాదు. చేతుల్ని నడుము ఎత్తులోనే ఆపేశానని అతను ప్రమాణం చేసి చెబుతాడు, వీడియోలో అవి భుజం దాటి ఉంటాయి. అంతకంటే చిక్కు ఏమిటంటే, అదే కదలిక ఇచ్చే అనుభూతి కూడా కాలంతో మారిపోతుంది. నిరుడు సరైన షాట్ కొట్టినప్పుడు ఒంట్లో కలిగిన భావాన్ని ఈ ఏడాది తెచ్చుకుంటే వేరే కదలిక బయటికొస్తుంది. పాత వీడియోలు పక్కనే ఉన్నా, అవి ఆ రోజు ఒళ్లు ఎలా కనిపించిందో చూపిస్తాయి గానీ ఆటగాడు ఏం తలచుకుని అలా కదిలాడో చెప్పవు.

దాన్ని గుర్తుంచుకోగలిగే మనిషి ఒకరుంటారు, పక్కన నిలబడి చూసిన కోచ్. ఆ రోజు ఏ మాట చెప్పాం, దానికి ఆటగాడి ఒంట్లో ఏం కదిలింది, ఏ మాట పనిచేయలేదు, ఏ తప్పు ఏ తప్పుకు విరుగుడుగా ఉండేది అన్న చరిత్రంతా కోచ్ బుర్రలో ఉంటుంది. స్వింగ్ సిద్ధాంతాలు ఇవాళ ఎవరికైనా దొరుకుతాయి. ఒక ఫలానా ఆటగాడి ఒంటి చరిత్ర ఇంకెక్కడా దొరకదు. కోచ్‌ను మార్చిన ప్రతిసారీ పోయేది అదే.

సమాచారం ఎక్కువైన కాలం

ఒకప్పుడు కోచ్‌లకే సరైన లెక్క తెలియదు. బంతి క్లబ్ ఊగిన దారిలో బయల్దేరి, క్లబ్ ముఖం చూసే దిక్కుకు వంగుతుందని దశాబ్దాల పాటు నేర్పారు. రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ వంటి యంత్రాలు 2000 తర్వాత టూర్‌లోకి వచ్చాక ఇది తలకిందులైంది. బంతి ప్రధానంగా ముఖం చూసే దిక్కులోనే బయల్దేరుతుంది, ముఖానికీ దారికీ మధ్య ఉన్న తేడాయే వంపును నిర్ణయిస్తుంది. పాత పాఠం నమ్మినవాళ్లలో చాలామంది గొప్పగానే ఆడారు, తమకు తెలియకుండానే పాఠానికి భిన్నంగా కొడుతూ. సరైన షాట్‌కు సరైన వివరణ తప్పనిసరి కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

హోవ్లాండ్ మాత్రం వివరణ లేకుండా ఉండలేని తరానికి చెందినవాడు. స్వింగ్ వీడియోలు, కోణాల లెక్కలు, కోచ్‌ల వాదనలు గంటల తరబడి చూస్తాడు. ఈ కుతూహలమే అతన్ని మేయో దగ్గరకు చేర్చి చిప్పింగ్‌ను బాగు చేసింది. అదే కుతూహలం మరుసటి ఏడాది అతన్ని ఊబిలోకి దించింది. ఒకే గుణం మంచికీ చెడుకూ కారణమైనప్పుడు దాన్ని వదులుకోమని సలహా ఇవ్వడం కుదరదు.

మేయో తర్వాత గ్రాంట్ వెయిట్ వచ్చాడు. న్యూజీలాండ్‌కు చెందిన ఈయన ఒకప్పటి టూర్ ఆటగాడు. 2000 కెనడియన్ ఓపెన్ ఆఖరి హోల్‌లో టైగర్ వుడ్స్ బంకర్ (ఇసుక గుంట) నుంచి నీళ్ల మీదుగా 6 ఐరన్ క్లబ్‌తో కొట్టిన ప్రసిద్ధమైన షాట్‌ను పక్కన నిలబడి చూసి, ఒక్క స్ట్రోక్‌తో ఓడింది ఈయనే. తర్వాత డానా డాల్‌క్విస్ట్. 2024 మాస్టర్స్ రెండో రౌండ్‌లో హోవ్లాండ్ 81 కొట్టి కట్ తప్పాడు. మే నెలలో మళ్లీ మేయో దగ్గరకే వెళ్లాడు. వెళ్లిన కొద్ది రోజులకే వల్హాలాలో పీజీఏ చాంపియన్‌షిప్‌లో 18 అండర్‌తో, అంటే పార్ అనే నిర్ణీత స్ట్రోకుల లెక్క కంటే 18 తక్కువతో, మూడో స్థానం. పాత కోచ్ దగ్గర పాత చరిత్ర ఉంటుందన్న మాటకు ఇదొక ఉదాహరణ అనుకోవచ్చు. కానీ అది నిలవలేదు. ఆ ఏడాది చిప్పింగ్ కూడా మళ్లీ అడుగుకు జారింది. 2025 తొలి నెలల్లో మేయోతో రెండోసారి తెగింది. వాల్‌స్పార్ నాటికి వెయిట్‌తో పని మళ్లీ మొదలుపెట్టాడు.

ఇక్కడ కోచ్‌లెవరినీ తప్పుపట్టడానికి లేదు. ఒకరికొకరు పొందిక లేని సిద్ధాంతాలున్న ముగ్గురు నలుగురు నిపుణులు ఏడాదిన్నర వ్యవధిలో ఒకే స్వింగ్‌ను చూస్తే, ప్రతి ఒక్కరూ వేరే చోట వేలు పెడతారు. ప్రతి ఒక్కరూ తమ లెక్కలో సరిగ్గానే ఉంటారు. ఇల్లు ఒక్కటే, మేస్త్రీలు నలుగురు, ఎవరి నక్షా వారిదే అన్నట్టు తయారవుతుంది. ఆ మధ్యలో ఆటగాడికి మిగిలేవి సగం సగం అలవాట్లు.

పడగొట్టి కట్టినవాళ్లు

స్వింగ్ మార్పు అనగానే అందరూ చెప్పే పేరు నిక్ ఫాల్డో. చెప్పడంలో తప్పులేదు గానీ ఆ కథను సగమే చెబుతారు. 1983లో యూరప్ టూర్ సంపాదనలో మొదటి స్థానం అతనిది. అప్పటికే స్టార్. అయినా పెద్ద టోర్నీల్లో ఆఖరి రోజు ఒత్తిడికి స్వింగ్ నిలవడం లేదని అతనికి తెలిసింది. 1985 నుంచి కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ చేతికి తన స్వింగ్‌ను మొత్తంగా అప్పగించాడు. రెండేళ్లకు పైగా గెలుపు లేదు. 1987లో స్పానిష్ ఓపెన్, ఆ జులైలో మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్. ఆఖరి రోజు 18 హోల్స్‌కు 18 పార్‌లు కొట్టి, ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచాడు. మొత్తం మీద ఆరు మేజర్లు (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీలను మేజర్లంటారు).

చెప్పకుండా వదిలేసే సగం ఏమిటంటే, ఫాల్డోకు ఎందుకు మారుస్తున్నాడో ముందే తెలుసు. అందమైన స్వింగ్ కోసం కాదు, గాలిలో, ఒత్తిడిలో, ఆఖరి రోజైన ఆదివారం మధ్యాహ్నం నిలబడే స్వింగ్ కోసం. ప్రశ్న ఆటగాడిది, జవాబు వెతకడం కోచ్ పని. గెలుపు లేని ఆ రెండేళ్లలో ఇంకో కోచ్ తలుపు తట్టకపోవడానికి కూడా ఆ స్పష్టతే కారణమై ఉండాలి.

టైగర్ వుడ్స్ ఇంకా విడ్డూరం. 1997 మాస్టర్స్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలిచాక, ఆ స్వింగ్ ఎక్కువ కాలం పనికిరాదని తేల్చుకుని కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి మార్చడం మొదలుపెట్టాడు. 1998లో పీజీఏ టూర్‌లో దక్కింది ఒకే ఒక్క గెలుపు. 2000లో యూఎస్ ఓపెన్‌ను 15 స్ట్రోకులతో గెలిచాడు, 2001 మాస్టర్స్‌తో వరసగా నాలుగు మేజర్లూ చేతిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా ఆగలేదు. 2004 నుంచి 2010 దాకా హాంక్ హేనీ, ఆరు మేజర్లు. 2010 నుంచి 2014 దాకా షాన్ ఫోలీ, 2013లో ఐదు గెలుపులు గానీ మేజర్ ఒక్కటీ లేదు. తర్వాత క్రిస్ కోమో. వెన్ను ఆపరేషన్ల తర్వాత 2017 చివర్లో ఆయన్నూ వదిలేసి, స్వింగ్ కోచ్ లేకుండానే 2019 మాస్టర్స్ గెలిచాడు. అయితే అప్పటికి అతనికి 43 ఏళ్లు, పాతికేళ్ల పాఠాలు ఒంట్లో ఉన్నాయి. కోచ్ అక్కర్లేదనడానికి దీన్ని రుజువుగా చూపేవాళ్లు ఈ పాతికేళ్లను మరిచిపోతారు.

వుడ్స్ ఉదాహరణ చాలామందిని చెడగొట్టిందనే అనాలి. శిఖరం మీద ఉండగా స్వింగ్ మార్చడం గొప్పవాళ్ల లక్షణమన్న నమ్మకం అతని వల్లే పాకింది. పాడ్రిగ్ హారింగ్టన్ 2007, 2008 సంవత్సరాల్లో మూడు మేజర్లు గెలిచి, ఇంకా మెరుగవుదామని స్వింగ్‌లో మార్పులకు దిగాడు. నాలుగో మేజర్ రాలేదు. ఇయన్ బేకర్-ఫించ్ కథ మరీ విషాదం. 1991లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన ఈ ఆస్ట్రేలియన్ ఇంకొంచెం దూరం కొట్టాలనుకున్నాడు. 1995లో అదే టోర్నీలో సెయింట్ ఆండ్రూస్ మొదటి టీ నుంచి, మొదటి హోల్, పద్దెనిమిదో హోల్ ఫెయిర్‌వేలు కలిసిపోయి మైదానమంత వెడల్పున్న చోట, బంతిని ఎడమ హద్దు దాటించాడు. 1997లో అదే టోర్నీలో, ట్రూన్‌లో, ఒకే రౌండ్‌లో 92 కొట్టి పోటీ ఆటకు దాదాపు దణ్ణం పెట్టేశాడు. ఆ తర్వాత టీవీ వ్యాఖ్యాతగా ఆయనకు మంచి పేరొచ్చింది, అది వేరే జీవితం.

ముట్టుకోని కోచ్‌లు

మార్చిన కోచ్‌లకే పేరొస్తుంది. మార్చకుండా వదిలేసినవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. స్కాటీ షెఫ్లర్ డ్రైవర్ కొడుతుంటే కుడి పాదం వెనక్కి జారిపోతుంది. ఏ పాఠంలోనూ లేని కదలిక అది. పసితనం నుంచి అతని కోచ్ అయిన ర్యాండీ స్మిత్ దాన్ని సరిచేయబోలేదు. జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను బయటికెత్తి, మెలిక తిప్పి లోపలికి దించే తీరును చూసి ఎందరో నవ్వారు. అతనికి కోచ్‌గా ఉన్న తండ్రి మైక్ ఫ్యూరిక్ ఆ మెలికను అలాగే ఉంచాడు. 2003లో యూఎస్ ఓపెన్, 2016లో పీజీఏ టూర్ చరిత్రలోనే అతి తక్కువదైన 58 స్కోరు ఆ మెలికతోనే వచ్చాయి.

ఇలా వదిలేయడానికి అన్నిటికంటే ఎక్కువ తెలిసి ఉండాలి. ఏ కదలిక వికారంగా కనిపించినా హానిలేనిదో, ఏది చక్కగా కనిపిస్తూ కొంప ముంచుతుందో తేల్చగలగాలి. సోషల్ మీడియాలో శిష్యుడి స్వింగ్ తన సిద్ధాంతానికి ప్రకటనలా మారిపోయిన రోజుల్లో, కోచ్‌కు ఈ నిగ్రహం ఇంకా కష్టం.

జాక్ నిక్లస్, జాక్ గ్రౌట్ అనుబంధం ఈ విషయంలో ఇప్పటికీ కొలబద్ద. పదేళ్ల నిక్లస్‌కు 1950లో సయోటో క్లబ్‌లో గ్రౌట్ పాఠాలు మొదలుపెట్టాడు. 1989లో గ్రౌట్ చనిపోయేదాకా ఆ బంధం సాగింది. ప్రతి ఏడాది మొదట్లో నిక్లస్ ఆయన దగ్గరకెళ్లి, క్లబ్ పట్టుకోవడం ఎలాగో మొదటిసారి నేర్చుకుంటున్నవాడిలా పట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. టోర్నీ జరిగేటప్పుడు మాత్రం గ్రౌట్ అతని వెంట పడి సలహాలిచ్చేవాడు కాదు. తప్పును మైదానంలోనే సొంతంగా పట్టుకోవడం శిష్యుడికి రావాలన్నది ఆయన పట్టుదల. గోల్ఫ్ నియమాలు కూడా చివరికి అటే మొగ్గుతాయి. రౌండ్ నడుస్తుండగా ఆటగాడు తన సంచి మోసే క్యాడీని తప్ప కోచ్‌ను సలహా అడగడానికి వీల్లేదు, అడిగితే రెండు స్ట్రోకుల జరిమానా. 1979లో నిక్లస్ ప్రొఫెషనల్ అయ్యాక మొదటిసారి ఒక్క గెలుపూ లేకుండా ఏడాది గడిపాడు. గ్రౌట్‌తో కూర్చుని స్వింగ్‌ను సరిచేసుకున్నాడు, చిన్న దెబ్బల కోసం ఫిల్ రోజర్స్ సాయం తీసుకున్నాడు. 1980లో, నలభయ్యో ఏట, యూఎస్ ఓపెన్, పీజీఏ చాంపియన్‌షిప్ రెండూ గెలిచాడు. చిప్పింగ్‌కు బయటివాణ్ని పిలిచినా స్వింగ్ చరిత్ర మాత్రం పాత చేతుల్లోనే ఉండిపోయింది.

అలాగని ఒకే కోచ్‌ను పట్టుకుని ఉండటం మందు అయిపోదు. జోర్డన్ స్పీత్ 12 ఏళ్ల వయసు నుంచి క్యామరన్ మెకార్మిక్ శిష్యుడు. 2015లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, 2017లో బ్రిటిష్ ఓపెన్. ఆ తర్వాత 2021 ఏప్రిల్‌లో టెక్సస్ ఓపెన్ దాకా, దాదాపు నాలుగేళ్లు, గెలుపు లేదు. కోచ్‌ను మార్చమని సలహాలు వినపడని వారం ఉండి ఉండదు. అతను మార్చలేదు. ఆ పట్టుదల గెలుపును త్వరగా తెచ్చిందని చెప్పలేం, కానీ గెలుపు తిరిగొచ్చినప్పుడు అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఇద్దరికీ తెలిసింది. రికీ ఫౌలర్ ఇంకో దారి తొక్కాడు. 2019లో బుచ్ హార్మన్‌ను వదిలి జాన్ టిల్లరీ దగ్గర మూడేళ్లు కష్టపడి, 2022లో హార్మన్ దగ్గరకే తిరిగొచ్చి, 2023లో డెట్రాయిట్‌లో నాలుగేళ్ల తర్వాత మొదటి టైటిల్ గెలిచాడు. హార్మన్ తన శిష్యులందరికీ ఒకే మూసను రుద్దే మనిషి కాదు. ఫౌలర్ బాగా ఆడిన రోజుల్లో ఎలా ఉండేవాడో ఆయనకు తెలుసు. ఆ తెలియడం విలువ ఎంతో లెక్కగట్టే యంత్రం ఇంకా రాలేదు.

హోవ్లాండ్ సంగతి

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే హోవ్లాండ్ ఇబ్బంది ఎక్కడుందో కొంత తేటపడుతుంది. ఫాల్డోలా ముందు ప్రశ్న వేసుకుని తర్వాత కోచ్‌ను ఎంచుకోలేదు. ఇంకొంచెం ఫేడ్ కావాలన్నది కోరిక, అది లేకపోతే ఏ మేజర్ చేజారిందన్న ప్రశ్నకు జవాబు లేదు. 2023లో గెలిపించినవి చిప్పింగ్, గురి ఎంపిక. అవి కొత్తవి, కాపాడుకోవాల్సినవి. అలాంటప్పుడు ఆ కొత్త నైపుణ్యం నేర్పిన మనిషితోనే ముందుగా విడిపోవడం, అదే సమయంలో బాగున్న ఫుల్ స్వింగ్‌ను కదపడం రెండూ కలిసి దెబ్బతీశాయి. ఒక్కటే అయి ఉంటే తట్టుకునేవాడేమో.

ఇప్పుడతను వెతుకుతున్నది పాత స్వింగే. ఈ వెతుకులాటలో కోచ్‌ల పాత్ర మారిపోయింది. ఇన్నిస్‌బ్రూక్‌లో గెలిచేనాటి కోచ్ వెయిట్ 2023 నాటి ఆ మంచి రోజుల్లో అతని పక్కన లేడు. కాబట్టి పాత వీడియోలు, పాత అంకెలు, హోవ్లాండ్ సొంత జ్ఞాపకం, వీటిని కలిపి పోయిన పొందికను తిరిగి కట్టాలి. నిజానికి ఈ పనికి హోవ్లాండ్ అనర్హుడేమీ కాదు. ఏ కదలిక దేన్ని చెడగొట్టిందో మీడియా ముందు అంత నిర్దిష్టంగా వివరించగలిగిన ఆటగాళ్లు అరుదు. రోగం పేరు తెలిసింది, ఎప్పుడు మొదలైందో తెలిసింది.

వాల్‌స్పార్ గెలుపు తర్వాత మూడు నెలలకు, 2025 జూన్‌లో, ఓక్‌మాంట్ లాంటి కఠినమైన కోర్సులో యూఎస్ ఓపెన్‌లో మూడో స్థానంలో నిలిచాడు. గెలిచిన జె.జె. స్పాన్‌కు మూడు స్ట్రోకుల దూరం. స్వింగ్ మీద నమ్మకం లేకుండా ఓక్‌మాంట్‌లో అంత ముందుకు రావడం మామూలు విషయం కాదు. చెడిపోయిందని తానే చెప్పుకునే స్వింగ్‌తో అతను ప్రపంచంలో దాదాపు అందరికంటే బాగానే ఆడుతున్నాడు. ఇక తేలాల్సింది, ఈ స్కోర్లు చూసి ఇది చాలనుకుని ఆగుతాడా, 2023 నాటి బంతి వంపు కళ్లారా కనిపించేదాకా తవ్వుతూనే ఉంటాడా అన్నది. ఇప్పటిదాకా అతని స్వభావం చూస్తే రెండోదే జరుగుతుంది. ఆ తవ్వకంలో ఈసారైనా ఒకే కోచ్‌ను రెండు మూడు సీజన్ల పాటు పక్కన ఉంచుకుంటే, మళ్లీ చెడినప్పుడు వెనక్కి వెళ్లడానికి కనీసం ఒక చిరునామా ఉంటుంది.